వంశవృక్షంలో చోటులేని పసివాళ్లు

పుల్లయ్య, పుల్లమ్మ, పెంటయ్య, పెంటమ్మ, భిక్షమయ్య. నేటి నగరవాసుల చెవికి ఇవి మోటుగా వినిపించే పాతకాలపు పేర్లు. వైద్యుడి చెవికి మాత్రం ఒక్కో పేరూ ఒక్కో సంక్షిప్త కుటుంబ చరిత్ర. వరుసగా పిల్లలు పుట్టి పోతున్న ఇంట్లో, ఆ తరువాత పుట్టిన బిడ్డను కాసేపు ఎంగిలి విస్తరాకు మీదనో పెంటకుప్ప మీదనో పడుకోబెట్టి, 'ఇది ఎవరికీ అక్కరలేని బిడ్డ' అని మృత్యువును ఏమార్చే ఆచారం మన పల్లెల్లో ఉండేది. పుల్లి విస్తరి మీద పడుకున్న బిడ్డ పుల్లయ్య అయ్యాడు. పెంట మీద పడుకున్నది పెంటమ్మ అయింది. పరాయివారి నుంచి భిక్షగా అందుకున్నట్లు నటించి పెంచుకున్నవాడు భిక్షమయ్య. తాతముత్తాతల పేరు పెట్టడం వల్ల కూడా ఈ పేర్లు వస్తాయి కనుక అందరు పుల్లయ్యలకూ ఇదే కథ ఉండదు. అయినా ఒక కుటుంబ చరిత్ర రాసుకుంటున్నప్పుడు ఇటువంటి పేరు తగిలితే నేను కలం ఆపి, 'ఈయనకు ముందు ఎంతమంది పుట్టి పోయారు?' అని అడుగుతాను. చాలాసార్లు జవాబు ఉంటుంది. ఆ జవాబు మగవారి నుంచి రాదు.

శైశవంలోనే కన్నుమూసిన బిడ్డ వంశక్రమాన్ని వెదకడం గురించి ఈసారి రాయదలిచాను. పోయిన బిడ్డ ఎలాగూ పోయింది, ఇప్పుడు తాతముత్తాతలను తవ్వి ప్రయోజనమేమిటని పెద్దలు అంటారు. ఆ మాటలో దయ ఉంది, కాదనను. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు రెండే. ఎందుకు పోయింది? మళ్లీ ఇలాగే జరుగుతుందా? ఈ రెండింటికీ జవాబు కొన్నిసార్లు ఆసుపత్రి కాగితాల్లో దొరకదు. మూడు తరాల వెనుక, ఒక పురిటిగదిలో దొరుకుతుంది.

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే మరణించేవారు. 2020 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం ఆ సంఖ్య దేశంలో 28, ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. ధనుర్వాతం, విరేచనాలు, న్యుమోనియా, తట్టు పెద్దయెత్తున పిల్లలను తీసుకుపోయిన రోజుల్లో పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల పోయిన ఒకరిద్దరు ఆ గుంపులో కనబడేవారు కారు. అంటువ్యాధులు తగ్గేకొద్దీ వారు విడిగా కనబడుతున్నారు. ఈ లోపాలు కొత్తగా పెరిగినవి కావు. వాటిని కప్పిన తెర తొలగింది, అంతే.

నేను ప్రస్తుతం నివసిస్తున్నది హైదరాబాదు పశ్చిమాన, శేరిలింగంపల్లి మండలంలోని నానక్‌రామ్‌గూడలో. ఒకప్పుడు రాతిగుండ్ల నడుమ ఉన్న పల్లె. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడల మధ్య, తెలుగునాట ఉన్న అన్ని జిల్లాలవారూ వచ్చి స్థిరపడిన చోటు. ఇక్కడి పడుచు జంటల్లో చాలామందికి తమ ఇంటిపేరు గల ఊరు ఎక్కడుందో తెలియదు. లిఫ్టులో రోజూ ఎదురయ్యే పొరుగువారి పేరు కూడా తెలియదు. వంశక్రమం వెదకడానికి ఇంతకన్నా కష్టమైన చోటు ఉండదని మొదట్లో అనుకున్నాను. తరువాత అభిప్రాయం మారింది. నాయనమ్మ పల్లెలోనూ, పెదనాన్న డాలస్‌లోనూ, మేనత్త విజయవాడలోనూ ఉన్నా ఒకే సాయంత్రం ముగ్గురినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టగలిగేది ఇక్కడి పిల్లలే.

ఇప్పుడు చెప్పబోయే జంట కథను వారి అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. తొలి కాన్పు. నెలలు నిండి, 2.9 కిలోల బరువుతో ఆరోగ్యంగా పుట్టిన మగబిడ్డ. రెండు రోజులు బాగానే పాలు తాగాడు. మూడోనాడు పాలు పట్టడం మానేశాడు, మగతగా పడి ఉన్నాడు, శ్వాస వేగం పెరిగింది. రక్తంలో సూక్ష్మజీవుల విషం చేరిందన్న అనుమానంతో యాంటీబయాటిక్స్ ఇచ్చారు. ఎనిమిదో రోజున బిడ్డ పోయాడు. రక్తంలో ఏ సూక్ష్మజీవీ పెరగలేదని ఆ తరువాత రిపోర్టు వచ్చింది. మరణ కారణం అన్నచోట గుండె, శ్వాస ఆగిపోవడం అని రాసి ఉంది. అది కారణం కాదు, మరణానికి మరో పేరు. మా అమ్మమ్మల కాలంలో బాలారిష్టం అనేవారు, పక్షిదోషం అనేవారు. ఇంగ్లీషులో రాసినంత మాత్రాన మనకు ఎక్కువ తెలిసినట్లు కాదు. నవజాత శిశువుకు ఏ జబ్బు వచ్చినా లక్షణాలు దాదాపు ఒకటే: పాలు తాగదు, మగతగా ఉంటుంది, శ్వాస మారుతుంది. అందుచేత వైద్యులు మొదట సూక్ష్మజీవుల కోసమే చూస్తారు, చూడాలి కూడా. కానీ ఆ కాగితాల్లో ఒక చిన్న అంకె నన్ను ఆపింది. బిడ్డ రక్తంలో ఆమ్లత్వం విపరీతంగా ఉంది. రెండు రోజులు పాలు తాగిన తరువాత మొదలైన జబ్బు, అంత ఆమ్లత్వం, పెరగని సూక్ష్మజీవి. ఈ మూడూ కలిస్తే పాలలోని మాంసకృత్తులను శరీరం సరిగా జీర్ణించుకోలేని పుట్టుకలోపం గురించి ఆలోచించక తప్పదు.

"మీది మేనరికమా?" అని అడిగాను.

"కాదండీ డాక్టరుగారూ. కులం ఒక్కటే. మా గోత్రం వేరు, వాళ్లది వేరు. వాళ్లది ఆంధ్ర, మాది తెలంగాణ," అన్నాడు ఆ అబ్బాయి.

గోత్రాలు వేరు కనుక రక్తసంబంధం లేదని నమ్మేవారు చదువుకున్నవారిలో చాలామంది ఉన్నారు. గోత్రం తండ్రి వైపు నుంచి మాత్రమే వస్తుంది. ఇంటిపేరూ అంతే. ఆడపిల్లకు పెళ్లి కాగానే రెండూ మారిపోతాయి. మేనమామ కూతురికీ, మేనత్త కొడుక్కీ గోత్రాలు ఎప్పుడూ వేరే. అయినా ఇద్దరికీ ఒక తాత, ఒక అవ్వ ఉమ్మడి. మేనమామకూ మేనకోడలికీ కూడా గోత్రాలు వేరే. జన్యువులు ఇంటిపేరును పట్టించుకోవు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. మన సమాజం వంశాన్ని గుర్తుంచుకునే పద్ధతి మాత్రం సగాన్నే లెక్కపెడుతుంది. వంశావళులు చెప్పి సంభావన పుచ్చుకునే పిచ్చుకుంట్లవారు, భట్రాజులు కొడుకుల వరుసే చెప్పేవారు. పుణ్యక్షేత్రాల్లో పండాల పుస్తకాల్లోనూ ప్రధానంగా ఉండేది కొడుకులే. ఇక శైశవంలో పోయిన బిడ్డ సంగతి చెప్పనక్కరలేదు. పళ్లు రాని బిడ్డను దహనం చేయరు, పూడ్చిపెడతారు. తద్దినం లేదు. ఏటా తలుచుకునే తిథి లేదు కనుక తరం మారేసరికి జ్ఞాపకమూ ఉండదు. వైద్యుడికి కావలసిన వంశవృక్షంలో ముఖ్యమైనవారు ఆడపడుచులూ, పురిట్లో పోయిన పిల్లలూ. కుటుంబం జాగ్రత్త చేసిన వంశవృక్షంలో లేనివారు సరిగ్గా వారే.

అందువల్ల ఈ పనికి అడిగే తీరు వేరుగా ఉండాలి. 'మీ అమ్మమ్మకు ఎంతమంది పిల్లలు?' అని అడిగితే బతికినవారి లెక్కే వస్తుంది. 'ఎన్ని కాన్పులు?' అని అడగాలి. తరువాత 'కడుపు పోయినవి ఎన్ని? పుట్టి పోయినవారు ఎందరు? ఎన్నో రోజున? ఆడా, మగా? పాలు తాగిందా? ఫిట్లు వచ్చాయా?' అని ఒక్కొక్కటీ. ఈ ప్రశ్నలు ఆడవారిని, వీలైతే మగవారు లేనప్పుడు అడగాలి. తెల్లకాగితం మీద మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, ఆడో మగో తెలియనివారికి వజ్రాకారపు గడి. జబ్బు ఉన్నవారి గడిని నల్లగా నింపుతాం. పోయినవారి మీద ఏటవాలు గీత గీస్తాం. మామూలు దంపతుల మధ్య ఒక గీత, రక్తసంబంధం ఉన్న దంపతుల మధ్య జంటగీతలు. ఎవరి కోసం ఈ వెదుకులాట మొదలైందో ఆ గడి పక్కన చిన్న బాణం. ప్రపంచమంతటా జన్యువైద్యులు వాడే లిపి ఇదే. నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు.

ఆ జంటకు ఆ లిపి నేర్పి, రెండు వారాలు గడువిచ్చాను. వారు తెచ్చిన కాగితంలో అబ్బాయి అమ్మమ్మ గడి కింద పుల్లమ్మ అని రాసి ఉంది. రేషన్ కార్డులో వేరే పేరు ఉందిగానీ ఇంట్లో అందరూ పుల్లమ్మ అనే పిలిచేవారట. ఆమె పోయి పన్నెండేళ్లయింది. ఆమెకు ముందు పుట్టినవారి గురించి అబ్బాయి తల్లికి ఏమీ తెలియదు. "మా అమ్మ ఒక్కతే కూతురు" అని మాత్రం చెప్పింది. ఆ కాలంలో ఒక్క సంతానం ఉన్న ఇల్లు అరుదు. నా దృష్టి అక్కడే నిలిచింది.

జవాబు అటువైపు నుంచి రాలేదు. అమ్మాయి నాయనమ్మ నుంచి వచ్చింది. ఆమెకు ఎనభై ఆరేళ్లు, నందిగామ ప్రాంతంలో కొడుకు దగ్గర ఉంటుంది. చెవులు కాస్త మందగించాయిగానీ జ్ఞాపకం పదును తగ్గలేదు. వీడియోలో నన్ను చూడగానే, "డాక్టరుబాబూ, మనవరాలు ఏదో బొమ్మ గీస్తందంట, నన్ను అందులో ఎక్కడ పెట్టారు?" అని అడిగింది. చూపించాం. ఆమె పుట్టింటి గురించి అడిగాను. తన తల్లి, తల్లికి ఒక అక్క. ఆ అక్కను మునేరు అవతల నైజాం ఇలాకాలో, సొంత మేనమామకే ఇచ్చారు. మా చిన్నప్పుడు ఖమ్మం నైజాం కింద, నందిగామ మద్రాసు ప్రభుత్వం కింద ఉండేవి. ఒకే ఏటి ఒడ్డు ఊళ్లయినా మధ్య సరిహద్దు ఉండేది. పెళ్లిళ్లు ఆ సరిహద్దును ఎన్నడూ లెక్కచేయలేదు.

"ఆవిడకు ఎన్ని కాన్పులు మామ్మగారూ?"

"నాలుగు బాబూ. మొదటి ముగ్గురూ పురిటి పదకొండు కాకుండానే పోయారు. పుట్టినప్పుడు పువ్వుల్లా ఉండేవారంట. మూడోనాటికి పాలు పట్టేవారు కాదు. ఇంకోదాన్ని పుల్లి విస్తరాకు మీద పడేసి తెచ్చుకున్నారు. అది నిలిచింది."

నానక్‌రామ్‌గూడలో కూర్చున్న ఆ దంపతులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నిలిచిన ఆ బిడ్డే పుల్లమ్మ, అబ్బాయి అమ్మమ్మ. అంటే అమ్మాయి నాయనమ్మ తల్లీ, అబ్బాయి అమ్మమ్మ తల్లీ తోబుట్టువులు. నాలుగు తరాల్లో ఇంటిపేర్లు మారాయి, జిల్లాలు మారాయి, రాష్ట్రం రెండుగా మారింది. పెళ్లి సంబంధం కుదిర్చినవారికి ఈ బంధుత్వం తెలియనే తెలియదు.

ఆమె మరో మాట కూడా చెప్పింది. తన కూతురిని, అంటే అమ్మాయి మేనత్తను, తన అన్న కొడుక్కే చేసుకుంది. ఆమెకు రెండో కాన్పులో పుట్టిన మగబిడ్డ తొమ్మిదోనాడు పోయాడు. "బాలారిష్టం అన్నారు. ఎవరి జాతకం చూపించినా తప్పు కోడలిదే అన్నారు, అది నా కూతురే కదా, నోరు మూసుకున్నాను." ఆ పసివాడు వారి వంశవృక్షంలో లేడు. అమ్మాయి తండ్రి, అంటే ఆ మేనత్త సొంత తమ్ముడు కూడా ఆ సంగతి చెప్పలేదు. దాచాడని నేననుకోను, ఆయనకు తోచలేదు.

కాగితం మీద ఇప్పుడు నల్లగా నింపిన గడులు ఐదు అయ్యాయి. నైజాం ఇలాకాలో ముగ్గురు, మేనత్త బిడ్డ, చివర బాణం గుర్తు ఉన్న పసివాడు. మొదటి నలుగురి తల్లిదండ్రులూ రక్తసంబంధీకులే. జబ్బు తీరు ఒక్కటే. తల్లిదండ్రులు ఆరోగ్యవంతులు. దీన్ని చూసిన జన్యువైద్యుడు ఎవరైనా ఒకే మాట అంటాడు: ఒక్క లోపభూయిష్ట ప్రతి ఉంటే ఏమీ కాదు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండూ కలిసినప్పుడే జబ్బు వస్తుంది. ఒక్క ప్రతి ఉన్నవారిని వాహకులంటాం. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మనలో ప్రతి ఒక్కరమూ ఇటువంటి లోపాలు కొన్నింటికి వాహకులమే. కనుక ఇందులో ఎవరి దోషమూ లేదు. తల్లి అడుగు మంచిది కాదన్న మాటకు ఇక్కడ తావే లేదు. సగం తండ్రి నుంచి రాకుండా ఈ జబ్బు రానే రాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. నాలుగు తరాల వెనుక ఒక్క ఉమ్మడి ముత్తవ్వ ఉన్నంత మాత్రాన ప్రమాదం పెద్దగా పెరగదు. లెక్క వేస్తే చాలా స్వల్పం. వంశవృక్షం ఏదీ నిరూపించదు, ఎక్కడ తవ్వాలో చూపిస్తుంది. అయితే ఒకే కులంలో, ఒకే నదీతీరంలో వందల ఏళ్లు పెళ్లిళ్లు జరిగితే కాగితం మీద కనబడే బంధుత్వం ఒకటైనా కనబడనివి అనేకం ఉంటాయి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన పరిశోధన ఇదే చెప్పింది. దక్షిణాసియాలో 263 సమూహాల జన్యువులను పరిశీలిస్తే 81 సమూహాల్లో, కొద్దిమంది పూర్వీకుల నుంచే అందరూ వచ్చారన్న జాడ యూరప్‌లోని అష్కెనాజీ యూదులలోనూ ఫిన్లాండ్ ప్రజలలోనూ కన్నా బలంగా ఉంది. పది లక్షలకు మించిన జనాభా గల సమూహాలు కూడా ఇందులో ఉన్నాయి. కులం పెద్దది కనుక భయం లేదనుకోవడానికి వీల్లేదు. మేనరికం చేసుకోలేదు కనుక మాకు సంబంధం లేదనుకోవడానికీ వీల్లేదు.

ఆంధ్రదేశం ఈ శాస్త్రానికి కొత్త కాదు. ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చారు. ఆయన శిష్యుడు, పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి 1960ల తొలినాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాలు ఎంత తరచుగా జరుగుతున్నాయో, వాటి ప్రభావమేమిటో లెక్కగట్టి పత్రాలు ప్రచురించారు. మేనమామ–మేనకోడళ్ల పెళ్లి పాశ్చాత్యులకు వింత, మనకు నిత్యకృత్యం. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. జన్యుశాస్త్రంలో అంతటివాడు తెలుగు వైద్యవిద్యార్థులకు పాఠమై మిగిలాడని ఎంతమందికి తెలుసో!

శైశవంలో పోయిన బిడ్డ కారణాన్ని వంశంలో వెదికిన తండ్రుల్లో ఛార్లెస్ డార్విన్ కూడా ఉన్నాడు. ఆయన భార్య ఎమ్మా స్వయానా మేనమామ కూతురు. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. మేరీ మూడు వారాలకు, ఛార్లెస్ వేరింగ్ ఏడాదిన్నరకు, ఆనీ పదేళ్లకు. తన పెళ్లి వల్లనే ఇలా జరిగిందేమోనన్న అనుమానం ఆయనను వెంటాడింది. 1871 జనగణనలో దగ్గరి బంధువుల వివాహాల గురించి ఒక ప్రశ్న చేర్చమని పార్లమెంటు సభ్యుడైన మిత్రుని ద్వారా కోరాడు, సభ ఒప్పుకోలేదు. నిజానికి ఛార్లెస్ వేరింగ్ పోయింది స్కార్లెట్ జ్వరంతో. అనుమానం అన్నిసార్లూ నిజం కానక్కరలేదు. అందుకే పరీక్ష కావాలి.

మన జంట విషయంలో పరీక్షకు ఒక చిక్కు వచ్చింది. బిడ్డ రక్తం చుక్క కూడా మిగల్లేదు. పోయిన పసివాడి నుంచి నమూనా ఉంటే నేరుగా అందులోనే లోపాన్ని వెదకవచ్చు. లేనప్పుడు తల్లిదండ్రులిద్దరి జన్యువులనూ చదివి, ఒకే జన్యువులో ఇద్దరికీ లోపం ఉన్నదేమో చూడాలి. వేల జన్యువుల్లో ఎక్కడని చూస్తారు? వంశవృక్షమూ, ఆ ఆమ్లత్వపు అంకే దారి చూపాయి. ఇద్దరిలోనూ ఎం.ఎం.యు.టి. అనే జన్యువులో ఒకే లోపం, ఒక్కో ప్రతి దొరికింది. జబ్బు పేరు మిథైల్‌మలోనిక్ అసిడీమియా. పుట్టినప్పుడు బిడ్డ బాగుండటానికి కారణం, అంతవరకూ ఆ పని తల్లి శరీరం చేసిపెట్టడమే. పాలు మొదలయ్యాక విషపదార్థాలు పోగవుతాయి. పువ్వులా పుట్టి మూడోనాడు పాలు మానేసిన పుల్లమ్మ అన్నలూ అక్కలూ ఈ జబ్బుతోనే పోయారని నేను ప్రమాణం చేయలేను. కానీ ఆ ముసలమ్మ వర్ణన పాఠ్యపుస్తకంలోని వర్ణనకు ఏమాత్రం తీసిపోదు.

ఇది చదువుతున్న వైద్యులకూ, తల్లిదండ్రులకూ చెప్పదలచిన మాట ఒకటుంది. కారణం తెలియకుండా శిశువు ప్రాణాపాయంలో ఉంటే, చికిత్స సాగుతుండగానే మడమ నుంచి నాలుగైదు చుక్కల రక్తం ప్రత్యేకమైన వడపోత కాగితం మీద తీసి, ఆరబెట్టి ఉంచమని అడగండి. 1960లలో అమెరికాలో రాబర్ట్ గుత్రీ వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి ఇది, చౌక, సులభం. దానితోపాటు ఈడీటీఏ సీసాలో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం, వీలైతే కొంత మూత్రం గడ్డకట్టించి ఉంచాలి. బిడ్డ ఫొటోలు, ఎక్స్‌రేలు కూడా పనికొస్తాయి. బిడ్డ పోయిన గంటలో ఈ మాట ఎత్తడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ తరువాత ఎత్తి లాభం లేదు.

అసలు ప్రతి శిశువుకూ పుట్టగానే ఈ చుక్కల పరీక్ష చేయడం మేలు. హైదరాబాదులో రాధా రమాదేవి గారి బృందం నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు వెయ్యిమందిలో ఒకరికి పుట్టుకతో వచ్చిన జీవక్రియాలోపం ఉన్నట్లు తేలింది. ఇరవై ఏళ్లు దాటింది. అద్దాల మేడలున్న ఈ ప్రాంతంలోని పెద్ద ఆసుపత్రుల్లో డబ్బు చెల్లించగలవారికి ఈ పరీక్ష దొరుకుతోంది. ఆ మేడలు కట్టే కూలీల బిడ్డలకు దొరకడం లేదు.

ఆ మాట ఊరికే అనలేదు. మా వీధి చివర రేకుల షెడ్లలో ఉండే పాలమూరు దంపతులకు ఐదు నెలల ఆడబిడ్డ పోయింది. మెడ నిలపలేదు, కాళ్లు ఆడించలేదు, గుక్కపెట్టి ఏడ్చే శక్తి కూడా లేదు, చూపులో మాత్రం చురుకు. ఆ తల్లి తన మేనమామనే పెళ్లాడింది. ఆమెకు కాగితం, కలం అక్కరలేకపోయింది. మూడు తరాల కాన్పులు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది, పోయినవారితో సహా. స్పైనల్ మస్కులర్ ఎట్రోఫీ అనే కండరాల క్షీణత అని నా అనుమానం. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలోని జన్యువైద్య విభాగానికి చీటీ రాసి పంపాను. అరుదైన జబ్బుల జాతీయ విధానం, 2021 కింద నిమ్స్‌తో కలిసి ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ ఒక ప్రత్యేక కేంద్రం. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యువ్యాధుల ఆసుపత్రి ఉంది. ఈ చిరునామాలు మీ ఇంట్లో పనిచేసేవారికి, మీ వాచ్‌మన్‌కు చెప్పండి. ఆ తరువాత ఆ కూలీ దంపతులు వేరే పనిచోటుకు వెళ్లిపోయారు. వారి ఫోన్ నంబరు ఇప్పుడు పలకడం లేదు.

సాఫ్ట్‌వేర్ దంపతుల రెండో కాన్పు విషయం క్లుప్తంగా చెబుతాను. పన్నెండో వారంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. తీవ్రమైన జన్యువ్యాధిని గుర్తించడానికి, నమోదైన కేంద్రంలో ఈ పరీక్ష చేయడం చట్టసమ్మతమే. లింగనిర్ధారణ నిషేధ చట్టం దీన్ని అడ్డుకోదు. బిడ్డకు ఒక్క ప్రతే వచ్చింది, తల్లిదండ్రుల్లాగే. ఒకవేళ రెండూ వచ్చి ఉంటే ఏం చేసేవారో నేను అడగలేదు. పుట్టిన గంట నుంచే ఆహార నియమం, మందులతో సిద్ధపడి కనే దారి ఒకటి, గర్భం తొలగించుకునే దారి ఒకటి. నిర్ణయం తల్లిదండ్రులది, వైద్యుడు దానిలో తలదూర్చడం నాకు ఇష్టం లేదు.

ఇంతకన్నా పెద్ద ప్రశ్న వారి చెల్లెలి దగ్గర వచ్చింది. అమ్మాయి చెల్లెలిని మేనత్త కొడుక్కు, అంటే తొమ్మిదోనాడు పోయిన ఆ పసివాడి తమ్ముడికే ఇవ్వాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. చెల్లెలు వాహకురాలయ్యే అవకాశం రెండింట ఒకటి. జబ్బుతో పోయిన బిడ్డకు ఆరోగ్యవంతుడైన తోబుట్టువు కనుక ఆ అబ్బాయి వాహకుడయ్యే అవకాశం మూడింట రెండు. వారికి పుట్టే బిడ్డకు ఈ జబ్బు వచ్చే ప్రమాదం పన్నెండింట ఒకటి. తెలిసిన లోపం కనుక పరీక్ష ఇప్పుడు సులువు, ఆ ఒక్క చోట చూస్తే చాలు. పెద్దలు మొదట ఒప్పుకోలేదు. "లేని జబ్బును వెదికి తెచ్చుకోవడమెందుకు?" అన్నాడు అమ్మాయి తండ్రి. నాయనమ్మే కల్పించుకుంది. "ఆ పిల్లను కూడా పురిట్లో ఏడిపిస్తావా? రక్తం ఇప్పించరా," అని గట్టిగా అంది.

ఇద్దరూ రక్తం ఇచ్చారు. మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. అబ్బాయి వాహకుడు, చెల్లెలు కాదు. ఈ లోపం వరకూ వారి బిడ్డలకు భయం లేదని చెప్పాను. మిగిలిన లోపాల విషయంలో మేనరికపు ప్రమాదం అలాగే ఉంటుందనీ చెప్పాను. విన్నారు. పెళ్లి మాటలు ముందుకు సాగలేదని ఈ మధ్య తెలిసింది. జన్యువుల దగ్గర కాదు, మునేరు పక్కన రెండెకరాల పొలం దగ్గర ఆగిందట.